నూలుపోగు మొదలు విద్యుత్తీగ వరకు

కఱ్ఱను మూల నిలుపవచ్చును. కుండను బోర్లింపవచ్చును. కాని పోగు, త్రాడు, తీగ అను మూడు వస్తువులు మాత్రము తమ్ము ఉంచిన తీరును మఱువవు. వానిని క్రమముగా చుట్టి ఉంచినచో క్రమముగానే విడివడును; అలక్ష్యముగా పడవైచినచో మఱునాడు పని ఆరంభించు వేళకు చిక్కై ఎదురగును. పొడవును మెత్తదనమును గల వస్తువును భద్రపఱచుట చిన్న పనిగా తోచును గాని, మానవుడు ఈ చిన్న పనిని నేర్చుకొనుటకు ఎంతో కాలమును, ఎంతో ధనమును వ్యయము చేసినాడు. ఆ చరిత్రలో తెలుగువానికిని, సూరత్ నగరమునకును గల పాలు తక్కువది కాదు.

నవాగామ్ అను మాటకు గుజరాతీ భాషలో కొత్త ఊరు అని అర్థము. ఒకప్పుడు సూరత్ వెలుపలి పల్లెగా నుండిన ఈ స్థలము నగరము పెరిగిన కొలదియు దానిలో కలిసిపోయినది. ఉధనా, లింబాయత్, డిండోలీ మొదలగు పేటలతో కూడిన ఈ ప్రాంతమునందు మరమగ్గముల చప్పుడు నిత్యజీవితములో భాగము. తెలంగాణ జిల్లాలనుండి బ్రతుకుతెరువు వెదకికొనుచు వచ్చిన నేతపనివారి కుటుంబములు ఎన్నియో తరతరములుగా సూరత్‌లో స్థిరపడినవి. నగరపాలక సంస్థ వారు తెలుగు మాధ్యమమున పాఠశాలలు నడుపుట ఈ ఉనికికి చక్కని నిదర్శనము. అట్టి ఇంటిలో తండ్రి నూలును ఎఱిగినవాడైనచో, కుమారుడు విద్యుత్తును ఎఱిగినవాడగుట అరుదు కాదు. ఒక అరలో కండెలు, మఱొక అరలో మీటరు, ఎఱ్ఱ నల్ల తీగలు. ఈ రెండు అరలకును నడుమ గల చుట్టఱికమే ఈ వ్యాసమునకు విషయము.

సాలెవాని ఇల్లు

తెలుగునాట గృహమే కర్మాగారముగా నుండిన వృత్తులలో నేత ముఖ్యమైనది. గుంటమగ్గమున ఇంటి యజమాని కూర్చుండును. ఇల్లాలు రాట్నముపై కండెలు చుట్టును. పిల్లలు పోగులు అందింతురు. వృద్ధులు చిలపలు విప్పుదురు. ఇంటిలోని ప్రతి వస్తువును నూలు చిక్కుపడకుండుటకే ఏర్పడినదా యనునట్లు ఉండును. చిలప నూలును విప్పుటకు ఒక సాధనము, చుట్టుటకు ఒకటి, సాచుటకు ఒకటి, దువ్వుటకు ఒకటి.

వీధిలో పడుగు సాచి గంజి పట్టించి కుంచెతో దువ్వు దృశ్యము నేత పల్లెలను ఎఱిగినవారికి సుపరిచితమే. ఆ పడుగులో వేలకొలది పోగులుండును. అవి యన్నియు ఒకే రంగు, ఒకే లావు. వానిలో ఒకటి తెగినచో దాని స్థానమెచ్చటనో తెలియుటెట్లు? ఇందులకు పూర్వులు కనిపెట్టిన ఉపాయము మిక్కిలి సరళమైనది. పడుగు పోసెడి వేళ ఒక వెదురుబద్దకు పోగు విడిచి పోగు పైకిని క్రిందికిని పోవునట్లు చేసి, దాని ప్రక్కనే రెండవ బద్దకు ఈ వరుసను తాఱుమాఱు చేయుదురు. రెండు బద్దల నడుమ పోగులు ఒకదానినొకటి దాటుచు కత్తెర వలె నిలుచును. ఇక ఏ పోగును తన పొరుగు పోగును మీఱి పోజాలదు. తెగిన పోగు చోటు ఖాళీగా కనబడును. వేలకొలది పోగుల క్రమమును రెండు బద్దలు కాపాడుచున్నవి.

మఱొక ఉపాయము కూడ చెప్పదగినది. ఒక పడుగు నేత ముగియగానే దానిని అచ్చునుండి పూర్తిగా లాగివేయరు. పాత పడుగు చివళ్లను అట్లే నిలిపి, కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా వానికి అతుకుదురు. పిదప నెమ్మదిగా లాగినచో కొత్త పోగులు అచ్చులోని తమ తమ సందులలోనికి తామే వచ్చి చేరును. ఒకసారి ఏర్పఱచిన క్రమమును చెఱుపక, దానిపైననే తరువాతి పనిని నిలుపుట ఇందలి నీతి.

ఈ శ్రద్ధ వేడుకకొఱకు పుట్టినది కాదు. నూలు తఱచుగా షావుకారు సొత్తు. శ్రమ మాత్రమే సాలెవానిది. పడుగు చిక్కుపడి పాడైనచో ఆ నష్టము కూలిలో కోతగానో, అప్పుగానో ఆ ఇంటిమీదనే పడును. ఒక పూట అజాగ్రత్త ఒక మాసపు తిండిని హరింపగలదు. అందుచేతనే నూలును కాలితో దాటరాదనియు, పొద్దుపోయిన తరువాత చిక్కు విప్పబూనరాదనియు పెద్దలు పిల్లలను మందలించుట.

సరిగ: తీగయు పోగును కలిసిన చోటు

గద్వాల, ధర్మవరము మొదలగు తావుల పట్టుచీరల అంచులలో మెఱయు సరిగకు సూరత్ పుట్టినిల్లు. సరిగను చూచినవారు దానిని బంగారు దారమనుకొందురు. కాని అది తీగయు పోగును కలిసిన వస్తువు. వెండికడ్డీని క్రమక్రమముగా చిన్నవగు రంధ్రముల గుండా లాగి, లాగి, వెంట్రుక వంటి సన్నని తీగగా చేయుదురు. ఆ తీగను చదునుగా నలగగొట్టి, పట్టుపోగు చుట్టును సందు లేకుండ చుట్టి, బంగారు పూత పూయుదురు. సూరత్ జరీకి 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది.

సరిగపని వారికి తెలిసిన సత్యమొకటి కలదు. తీగ ఒకమాఱు మెలిపడి ముడుచుకొన్నచో, దానిని తిరిగి సాపు చేసినను ఆ చోటు బలహీనమైపోవును. పోగు చిక్కును ఓర్పుతో విప్పవచ్చును. తీగ చిక్కు విప్పినను మచ్చ మిగులును. అందుచే సరిగపనియందు తీగ చుట్టునుండి చుట్టునకే పోవును గాని, నేలపై కుప్పగా పడుటకు ఎన్నడును తావీయరు. రాబోవు కాలమున విద్యుత్తు తీగలతో పనిచేయువారు ఎంతో నష్టపడి తెలిసికొన్న సంగతి ఇదియే.

భారతదేశమున తంతి

1839లో కలకత్తా వృక్షోద్యానమునందు విలియం బ్రూక్ ఓషానెస్సీ అను వైద్యుడు తంతివార్తా ప్రయోగములు చేసెను. వెదురు గడలపై తీగను కట్టి సంకేతములు పంపుటయే గాక, హుగ్లీ నది నీటిలోనుండియు తీగను నడపి చూచెను. నీటిలో తీగకు తొడుగేది? నేటి ప్లాస్టిక్కులు ఆనాడు లేవు. తారు పూసిన తీగను చీల్చిన పేపబెత్తములో నిమిడ్చి, దానిపై తారు పట్టించిన త్రాటిని చుట్టిరి. విద్యుత్తీగకు ఈ దేశమున లభించిన తొలి వస్త్రములో త్రాటికిని పాలు గలదనుట ఎంత సమంజసము!

1851లో కలకత్తానుండి డైమండ్ హార్బరు వఱకు తంతిమార్గము ఏర్పడెను. అందు ఓషానెస్సీ సన్నని తీగకు బదులు లావైన ఇనుపకడ్డీని వాడెను. కోతులును పెద్ద పక్షులును కూర్చుండినను, బండ్లు తొక్కినను చెడని గట్టి వస్తువు ఈ దేశమునకు తగునని ఆయన అభిప్రాయము. 1855 నాటికి ప్రజలు సొమ్ము చెల్లించి తంతివార్తలు పంపుకొను వసతి కలిగెను. ఆ దీర్ఘ యాత్ర 2013 జూలై మాసముతో ముగిసి, తంతివార్త భారతదేశమున చరిత్రగా మిగిలినది.

సముద్రము నేర్పిన పాఠము

భూమిపై తీగ తెగినచో మనిషి నడచిపోయి అతుకవచ్చును. సముద్రగర్భమున ఆ వీలు లేదు. కనుక తీగను చుట్టి ఉంచు విద్య తన కఠినతమ పరీక్షను అట్లాంటిక్ మహాసముద్రమున ఎదుర్కొన్నది.

1857లో ఐర్లండుకును అమెరికా ఖండమునకును నడుమ వేయదలచిన తంతిని రెండు కర్మాగారములు చెఱిసగము తయారుచేసినవి. పని పూర్తియైన పిదప ఒక వింత బయటపడెను. ఒక సగమునకు పైనున్న ఇనుపతీగలు కుడివైపునకు మెలితిరిగియుండ, రెండవ సగమునకు ఎడమవైపునకు మెలితిరిగియుండెను. రెంటిని నేరుగా కలిపినచో ఒకదాని మెలి మఱొకదాని మెలిని విప్పివేయును. అతుకును ప్రత్యేకముగా బిగించి ఈ గండము దాటవలసి వచ్చెను. మెలి ఎటువైపో ముందుగా వ్రాసికొనకపోవుట వలన కలిగిన శ్రమ ఇది.

అంతకన్న చేటు నిలువయందు జరిగెను. తంతిలోని కొంత భాగము ఎండలో పడియుండెను. ఆనాడు రాగితీగకు తొడుగు గట్టాపర్చా అను చెట్టుపాలు. అది వేడికి మెత్తబడును. మెత్తబడిన తొడుగులో రాగితీగ నడుమనుండి ప్రక్కకు జరిగి, కొన్నిచోట్ల తొడుగు పలుచబడెను. పైకి చూచినవారికి ఏ లోపమును కనబడదు. 1858 జూన్‌లో ఆగమెమ్నాన్ ఓడ తుపానులో చిక్కినప్పుడు తంతిచుట్టలు కదలి చిక్కుపడి, చాల పొడవు తిరిగి చుట్టవలసి వచ్చెను. తుదకు ఆగస్టులో తంతి పనిచేసినది; లోకము పండుగ చేసికొన్నది. విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశము చేరుటకు 16 గంటలు పట్టెను. సంకేతములు బలహీనముగా నుండుట చూచి, అధికారి వైల్డ్‌మన్ వైట్‌హౌస్ సుమారు 2,000 వోల్టుల ఒత్తిడిని ప్రయోగించెను. పలుచబడిన తొడుగు ఆ దెబ్బకు తాళలేదు. కొన్ని వారములలో తంతి మూగవోయెను. దానిని చంపినది అధికవిద్యుత్తే యనుట నిజము. కాని దానిని అంతకు ముందే రోగిని చేసినవానిలో ఎండలో ఉంచిన అజాగ్రత్తయు ఒకటి.

1865లో గ్రేట్ ఈస్టర్న్ అను మహానౌక బయలుదేరునాటికి ఈ పాఠములు వంటబట్టినవి. తంతిని ఓడలోపల పెద్ద తొట్లలో నీటిలో మునుగునట్లు చుట్టిరి. వేయుచున్నంతసేపును విద్యుత్ పరీక్ష సాగుచునే యుండెను. ఆ యేటి తంతి నడిసముద్రమున తెగినను, 1866 జూలై 27న కొత్త తంతి ఒడ్డు చేరినది. తెగిన పాత తంతిని సైతము అడుగునుండి పైకెత్తి పూర్తిచేసిరి. 1870లో ఇదే ఓడ బొంబాయి రేవునుండి ఏడెనునకు తంతి వేసినది. అరేబియా సముద్రపు ఎండకు లోని తంతి వేడెక్కకుండుటకై ఓడకు తెల్లరంగు పూసిరి. ఎండలో వెలుపల పడవైచిన నాటికిని, ఓడకే వెల్ల వేసిన నాటికిని నడుమ గడచినది పండ్రెండు సంవత్సరములే.

ఇచ్చట ఒక సూక్ష్మము తెలిసికొనవలెను. ఒక తీగను ఒకే దిశగా వలయముగా చుట్టినప్పుడు, ప్రతి చుట్టుతోను తీగలో ఒక పూర్తి మెలి చేరును. చుట్టును త్రిప్పుచు విప్పినచో ఆ మెలి పోవును. చుట్టును కదలనీయక ప్రక్కనుండి లాగినచో మెలి నిలిచి ముడిగా బిగియును. అందుచేతనే నావికులు త్రాటిని ఎనిమిది అంకె రూపమున పఱచుదురు. ఒక వలయపు మెలిని ప్రక్క వలయపు ఎదురుమెలి రద్దుచేయును. పొడవైన తీగను ఒక చుట్టు పైనుండియు, తరువాతి చుట్టు క్రిందినుండియు మార్చి మార్చి వేయుటలో గల రహస్యమును ఇదియే.

రెండు కొసలకును ఒకే పేరు

టెలిఫోను వచ్చిన పిదప సమస్య మఱొక రూపము దాల్చెను. ఒకే తొడుగులో పదులు, నూర్ల జంటల తీగలు. ఒక కొసన ఉన్న జంట మైలు దూరమున గల రెండవ కొసన ఏది? సాలెవాని వేయిపోగుల ప్రశ్నయే తిరిగి వచ్చినది. దీనికి రంగులు సమాధానమైనవి. తెలుపు, ఎఱుపు, నలుపు, పసుపు, ఊదా అను అయిదు రంగులను, నీలము, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద అను అయిదు రంగులతో జతపఱచినచో ఇరువదియైదు జంటలకు ఇరువదియైదు వేఱు గుర్తులు దొరకును. తంతి తపాలా శాఖ 1985లో రెండుగా విడివడి, టెలిఫోను పని 2000లో భారత్ సంచార్ నిగమ్ చేతికి వచ్చినను, గోతిలో దిగి తీగలు అతుకు పనివాని నోట ఈ వరుస మంత్రమువలె నిలిచినది.

పరీక్షా సాధనముల సంగతియు ఇట్టిదే. ఒకప్పుడు విద్యుత్ ప్రవాహమును, ఒత్తిడిని, నిరోధమును కొలుచుటకు వేర్వేరు మీటర్లు మోయవలసియుండెను. బ్రిటిష్ తపాలాశాఖలో ఇంజనీరైన డొనాల్డ్ మెకాడీ ఈ మోతతో విసిగి, మూడు కొలతలను ఒకే పెట్టెలో చేర్చెను. 1923లో వెలువడిన ఆ సాధనమే ఆవోమీటరు. ఆంపియరు, వోల్టు, ఓము అను మాటల మొదటి అక్షరములే దాని పేరు. మీటర్లు మూడు ఒకటైనవి గాని, దానికి తగిలించు తీగలు మాత్రము నాటినుండి నేటివఱకు పెరుగుచునే ఉన్నవి. ఒక మొన గలవి, ముసలినోటి క్లిప్పు గలవి, అరటికాయ ప్లగ్గు గలవి, పొడవువి, పొట్టివి. సాధనము కుదించిన చిక్కును తీగలు తిరిగి తెచ్చినవి.

తల్లి చేయి, కుమారుని తీగ

పోగును ఎఱిగిన ఇల్లు విద్యుత్తును చేపట్టినపుడు ఏమి సాధింపగలదో తెలుపు ఉదాహరణము తెలుగునాటనే కలదు. పోచంపల్లి పద్ధతి చీరకు రంగు అద్దుటకు ముందు, నూలును అర్ధచంద్రాకారముగా నాటిన మేకుల చుట్టును వరుస తప్పకుండ పోయవలెను. దీనినే ఆసు పోయుట యందురు. ఒక్క చీరకు చేయి వేలసార్లు ఆడవలెను. నాటి నల్లగొండ జిల్లా ఆలేరు సమీపమున శారాజీపేటలో లక్ష్మి అను ఇల్లాలు ఈ పనివలన భుజము నొప్పితో బాధపడుట చూచి, ఆమె కుమారుడు చింతకింది మల్లేశము, బడిచదువు నడుమనే మానినవాడు, యంత్రము చేయబూనెను. హైదరాబాదులో విద్యుత్ పనులు చేయుచు, సంపాదించిన దానిని ప్రయోగములకే వెచ్చించెను. 1999లో యంత్రము సిద్ధించెను. దానికి తల్లి పేర లక్ష్మీ ఆసు యంత్రమని పేరిడెను. 2017లో భారత ప్రభుత్వము ఆయనను పద్మశ్రీతో గౌరవించినది. ఆ యంత్రము చేయునది మఱేమియు కాదు: పోగును దాని చోటున దానిని ఉంచుట.

నవాగామ్ ఇంటి పనిగది

ఇప్పుడు తిరిగి నవాగామ్ వంటి పేటలోని చిన్న ఇంటికి వత్తము. ఫ్యానులు, మోటార్లు బాగుచేయు బల్ల ఒకటి గోడకు చేరవేసియున్నదనుకొందము. తీగలన్నియు ఒక గోనెసంచిలో ఉన్నచో కావలసిన తీగకై కావలసినంత సేపు వెదకవలెను. దొరికిన తీగ నిజమైనదో కాదో తెలియదు. పై చరిత్రయంతయు ఆ బల్లకు చెప్పు మాటలు అయిదు.

మొదటిది, అచ్చు నీతి. ఒక చెక్కపట్టెకు దువ్వెన పండ్లవలె సందులు కోసి గోడకు బిగించినచో, ప్రతి పరీక్షతీగయు తన ప్లగ్గు బలముతో తన సందున వ్రేలాడును. నేతగాని అచ్చునందలి పోగువలె పొరుగుదానిని తాకదు. ఖాళీ సందు ఏ తీగ బయట మిగిలినదో తానే చెప్పును.

రెండవది, మెలి నీతి. పొడవైన తీగలను మోచేతికి బిగియ చుట్టరాదు; మార్చి మార్చి పెద్ద వలయములుగా వేసి గుడ్డపేలికతో వదులుగా కట్టవలెను. రబ్బరు పట్టీ ఎండకు జిగురుగా మాఱి తొడుగుకు అంటుకొనును.

మూడవది, పేరు నీతి. తీగ యొక్క రెండు కొసలకును ఒకే గుర్తు ఉండవలెను. 230 వోల్టుల కరెంటుకు తగిన తీగలు వేఱు, బ్యాటరీ పనికి తగిన సన్ననితీగలు వేఱు. ఈ రెండును ఒకే సందున ఉండరాదు.

నాలుగవది, నిలువ నీతి. ఎండ తగులు కిటికీ ప్రక్క తీగలకు తావు కాదు. నేలయు తావు కాదు. 2006 ఆగస్టులో తాపీనది వరద నగరమున అధికభాగమును ముంచెత్తినప్పుడు, నేలపై ఉన్నదంతయు పోయి, గోడపై ఎత్తున ఉన్నది మిగిలినదను సంగతిని సూరత్ వాసులు మఱువరు.

అయిదవది అన్నింటికన్న ముఖ్యమైనది. లోపల తెగి, పైకి బాగుగా కనబడు పరీక్షతీగ ప్రాణాంతకమైన అబద్ధము చెప్పును. కరెంటున్న తీగకు దానిని తాకించినను మీటరు ముల్లు కదలదు. పనివాడు కరెంటు లేదనుకొని చేయి పెట్టును. కనుక పరీక్షకు ముందొకమాఱు, పిదప ఒకమాఱు, కరెంటున్నదని తెలిసిన చోట మీటరును తీగలతో కూడ సరిచూచుకొనవలెను. పదే పదే మడతపడిన కొసలయందే తీగ లోపల తెగును; మెలిపెట్టి సంచిలో కుక్కుట ఆ తెగుటకు మొదటి కారణము. తీగలను చక్కగా ఉంచుట ఇంటి అందము కొఱకు కాదు, ఇంటివాని ప్రాణము కొఱకు.

1858 నాటి మహాసంస్థకు మిక్కిలి విలువ గల తంతి పోయినది. నవాగామ్ పనివానికి పోవునది అంతకన్న విలువైనది కావచ్చును. సముద్రమును జయించిన ఇంజనీర్లు ఎంతో వ్యయమునకు కొనుక్కొన్న విద్యలో సగము, వీధిలో పడుగు సాచిన సాలెవానికి రెండు వెదురుబద్దలతోనే తెలిసియుండెను. ఆ విద్య మన ఇండ్లలోనిది. తాతయొక్క కండెల అరను చూచి మనుమడు తన తీగల అరను దిద్దుకొన్ననాడు, దూరదేశమునకు వలసవచ్చిన ఆ ఇంటిలో పాత పడుగు కొసకు కొత్త పోగు అతికినట్లే యగును.